గ్లాడ్‌వెల్ ఆపేసిన చోట

మాల్కమ్ గ్లాడ్‌వెల్ పుస్తకం ‘డేవిడ్ అండ్ గోలియత్’ 2013లో వచ్చింది. అందులో మొదటి అధ్యాయం వివేక్ రణదివే గురించి. ముంబైలో పుట్టి, ఎమ్‌ఐటీలో చదివి, టిబ్కో అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టినాయన. కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ సిటీలో, తన కూతురు ఆడే పన్నెండేళ్ల అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకు కోచ్ అవుతాడు. ఆ ఆట ఆయన ఎప్పుడూ ఆడలేదు. ఆడలేదు కాబట్టే ఆయనకో సందేహం వస్తుంది: బంతి చేజారగానే అందరూ వెనక్కి పరుగెత్తి, అవతలి జట్టు తీరిగ్గా సగం కోర్టు దాటి వచ్చేదాకా ఎందుకు ఆగాలి? మొదటి అడుగు నుంచే అడ్డుపడొచ్చు కదా? దీన్నే ఫుల్ కోర్ట్ ప్రెస్ అంటారు. పెద్దగా ఆట రాని ఆ పిల్లలు దానితోనే జాతీయ పోటీల దాకా వెళ్తారు.

గ్లాడ్‌వెల్ ఈ కథను మొదట 2009లో న్యూయార్కర్‌లో రాశాడు. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది ఎందుకంత నచ్చుతుందో ఊహించొచ్చు. లోపలివాళ్లకు అలవాటైపోయి కనిపించనిది బయటినుంచి వచ్చినవాడికి కనిపిస్తుంది. మా రంగం తన గురించి తాను చెప్పుకునే కథ అచ్చం ఇదే.

తమాషా ఏంటంటే, పుస్తకం అచ్చయ్యేనాటికే కథ రెండో భాగం మొదలైపోయింది. 2013 మేలో రణదివే బృందం సాక్రమెంటో కింగ్స్ అనే ఎన్‌బీఏ జట్టును కొన్నది. జట్టుకు కట్టిన విలువ 53 కోట్ల డాలర్ల పైమాటే. సియాటిల్‌కు తరలిపోబోతున్న జట్టును ఆయన ఆ ఊళ్లోనే నిలబెట్టాడు. అది చిన్న విషయమేం కాదు.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. మామూలుగా యజమాని జనరల్ మేనేజర్‌ని పెడతాడు, ఆ మేనేజర్ కోచ్‌ని వెతుక్కుంటాడు. ఇక్కడ ముందు కోచ్ మైక్ మలోన్ వచ్చాడు, మేనేజర్ తర్వాత వచ్చాడు. అంటే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు కాకుండా యజమాని ముఖం చూడాల్సిన ఏర్పాటన్నమాట. 2014 డ్రాఫ్ట్ రోజు గదిలో గ్రాంట్‌లాండ్ తీసిన చిన్న వీడియో ఉంది. నిక్ స్టౌస్కస్ అనే కుర్రాడి మీద యజమాని ఉత్సాహం అందులో దాగదు. అతన్నే ఎనిమిదో ఎంపికగా తీసుకున్నారు, ఏడాది తిరిగేసరికి వేరే జట్టుకు ఇచ్చేశారు.

ఆ సీజన్ జట్టు బాగానే మొదలైంది: 9 గెలుపులు, 6 ఓటములు. అంతలో ముఖ్య ఆటగాడు డిమార్కస్ కజిన్స్ మెనింజైటిస్‌తో పడకేశాడు. అతను లేక ఓడుతూ 11-13కి రాగానే మలోన్‌ని తీసేశారు. నలుగురే డిఫెన్స్ చేస్తూ ఒకర్ని అవతలి బుట్ట దగ్గర ఉంచితే ఎలా ఉంటుందని యజమాని అడిగేవాడని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ ఒక్క సీజన్‌లో ముగ్గురు కోచ్‌లు, 82 ఆటల్లో 29 గెలుపులు. రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవ ఉండకపోవచ్చు. గెలుపులకు ఉంటుంది.

నలుగురితో డిఫెన్స్ చేయొచ్చు కదా అన్నదీ, ప్రెస్ చేయొచ్చు కదా అన్నదీ ఒకే రకం ప్రశ్నలు. మరి ఒకటి తెలివిగా, ఇంకోటి తలనొప్పిగా ఎందుకు మారింది? సమాధానం గ్లాడ్‌వెల్ కథలోనే ఉంది, ఆయన దాని మీద నిలబడడంతే. పిల్లల జట్టు దగ్గర రణదివే ఒక్కడే లేడు. కాలేజీ స్థాయిలో ఆడిన రొమెట్రా క్రెయిగ్ పక్కన ఉంది. పైగా 2009 వ్యాసం చివర్లో, జాతీయ పోటీల మూడో ఆటలో రిఫరీ మాటిమాటికీ ఫౌల్ ఊదుతుంటే ఆయన ప్రెస్ ఆపించేస్తాడు. ఓడిపోతారు. గ్లాడ్‌వెల్ దాన్ని కొత్త పద్ధతి మీద పాతవాళ్ల కక్షలా చదివిస్తాడు. నాకు మాత్రం ఆ కథలో ఆయన నిజంగా కోచ్‌గా కనిపించేది అక్కడే: కళ్లెదుట జరిగేది చూసి, అప్పటికప్పుడు మనసు మార్చుకున్నవాడు.

యజమానికి ఆ ఈల వినపడదు. ఆయన ఆలోచన తప్పితే ఉద్యోగం పోయేది ఇంకొకరిది. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పైనుంచి వచ్చే ‘ఇలా చేసి చూద్దామా’ అనే మాట కింద టీమ్‌కి చేరేసరికి ప్రశ్నగా ఉండదు, ఆర్డర్ అయిపోతుంది.

అన్నీ ఆయన మీదే వేయడం న్యాయం కాదు. కింగ్స్ వరసగా 16 సీజన్లు ప్లేఆఫ్స్‌కి వెళ్లలేదు. అందులో 7 ఆయన రాకముందువి. 2022-23లో మైక్ బ్రౌన్ కోచ్‌గా 48 ఆటలు గెలిచి ఆ కరువు తీర్చుకున్నారు. అదే ఏడాది డెన్వర్‌కు టైటిల్ గెలిపించిన కోచ్ ఎవరో కాదు, మలోన్. ఇక బ్రౌన్‌కి 2024 వేసవిలో కాంట్రాక్టు పొడిగించారు, డిసెంబర్‌లో పంపించేశారు.

ఆ అధ్యాయం అబద్ధమని నేననను. పన్నెండేళ్ల పిల్లల ఆటలో తెలియకపోవడానికి పెద్ద ఖరీదు ఉండదు. గ్లాడ్‌వెల్ అక్కడే కథ ఆపి, దాన్ని సూత్రంగా మన చేతిలో పెట్టాడు. పుస్తకం చదవండి, చదివించే గుణం దానికి దండిగా ఉంది. చదివాక కింగ్స్ 2014-15 సీజన్ ఫలితాలు కూడా ఓసారి చూడండి. ఆ అధ్యాయంలో లేని పేజీలు అవే.