ఆటగాడికి స్త్రీలింగం ఏమిటి?

ఒక బోర్డు గేము రూల్ బుక్కుని తెలుగులో రాద్దామని కూచుని మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. 'ప్లేయర్'ని తెలుగులో ఏమనాలి? ఆటగాడు అనొచ్చు. కానీ మా బల్ల చుట్టూ కూచునే అయిదుగురమూ ఆడవాళ్ళమే. పోనీ ఆటకత్తె అందామా? బ్రౌన్ నిఘంటువు తీసి చూడండి, ఆటకత్తె అంటే నాట్యమాడే స్త్రీ. 'ఆటది' అన్న మాటకి పట్టిన గతి మనకి తెలిసిందే. క్రీడాకారిణి అనేది పత్రికల మాట. పి.వి. సింధుకి సరిపోతుంది గానీ గుప్పెట్లో చింతగింజలు పట్టుకున్న మనిషి మీద అంత బరువు మోపలేం. పైగా మన వ్యాకరణం ఇంకో చిక్కు పెట్టింది. ఆటగాడు కదులుతాడు. ఆమె కదులుతుంది. పావు కూడా కదులుతుంది! ఏకవచనంలో ఆడే స్త్రీకీ, ఆడబడే పావుకీ క్రియ ఒకటే. చివరికి 'ఆడేవాళ్ళు' అని బహువచనంలోకి తప్పుకున్నాను. తప్పుకున్నానే గానీ ఆ చిక్కు నన్ను వదల్లేదు. మన సాహిత్యంలో ఆట దగ్గర ఆడది ఎక్కడ కూచుంది అని వెతకడం మొదలుపెట్టాను.

వెంటనే గుర్తొచ్చేది మధురవాణి. 'కన్యాశుల్కం'లో పేకాట రంగం హాస్యం గురించి, అందులోని సంభాషణల సహజత్వం గురించి మన విమర్శకులు చాలా రాశారు. పోలిశెట్టి, సిద్ధాంతి, భుక్త... వాళ్ళ మధ్య చేతిలో ముక్కలతో మధురవాణి. ఆ మగవాళ్ళలో ఎవరికీ తీసిపోకుండా ఆడుతుంది, వాళ్ళ మాటల్ని కూడా ముక్కల్లాగే కలుపుతుంది. కానీ ఆ నాటకంలో బుచ్చమ్మ గానీ, వెంకమ్మ గానీ, మీనాక్షి గానీ ఒక్క ముక్క పట్టుకోరు. పట్టుకుంటారని మనం ఊహించను కూడా ఊహించం. ఆట బల్ల దగ్గర చోటు కావాలంటే స్త్రీ వేశ్య అయి ఉండాలి. నిఘంటువు 'ఆటకత్తె'కి ఇచ్చిన అర్థమే గురజాడ రంగస్థలం మీదా ఉంది. దీన్ని గురజాడ లోపం అని అనను, ఆయన చూసిన సమాజం అది. అదే నాటకంలో సుబ్బి వెల పద్ధెనిమిది వందల రూపాయలు. ఒక ఆడదానికి ముక్కలు అందాయి, ఇంకో ఆడపిల్ల పందెం సొమ్ము అయింది.

పందెం అనగానే ద్యూతసభ గుర్తు రాక తప్పదు. ద్రౌపది అవమానం మీద మనం ఎన్నో కవితలు రాసుకున్నాం, కథలు రాసుకున్నాం. నాకు మాత్రం, ఆదివారాలు రూల్ బుక్కులతో కుస్తీ పట్టడం మొదలయ్యాక, ఆమె అడిగిన ప్రశ్న కొత్తగా వినపడుతోంది. తీసుకుపోవడానికి వచ్చిన ప్రాతికామిని వెనక్కి పంపి ఆమె అడిగించింది ఏమిటి? ధర్మరాజు ముందు తనని ఓడిపోయాడా, నన్ను ఓడిపోయాడా అని. ఇది కన్నీటి ప్రశ్న కాదు, అచ్చంగా రూల్ ప్రశ్న. ఓడిపోయి ఆటలోంచి బయటికి పోయినవాడికి ఇంకో పందెం ఒడ్డే హక్కు ఉందా? ఆ సభని ఆట నియమాల గురించి నిలదీసిన మనిషి, ఆడడానికి పిలవని మనిషి. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమైనదని తప్పుకున్నాడు. వికర్ణుడు ఆమె వైపు మాట్లాడితే అతని నోరు నొక్కారు. నియమం ఎవరి చేతిలో ఉంటుందో వాళ్ళకది సూక్ష్మంగానే కనిపిస్తుంది మరి!

మా ఆదివారాల గురించి కొంచెం చెప్పాలి. నేనుండేది జీడిమెట్లలో. పారిశ్రామికవాడ గాలి ఇటు తిరిగిన సాయంత్రాల్లో కిటికీలు మూసుకుని కూచునే ప్రాంతం. ఈ నగరంలో బోర్డు గేముల కెఫేలు ఉన్నాయి గానీ అవి హైటెక్ సిటీ, జూబ్లీహిల్స్ వైపు ఉన్నాయి. అక్కడ గంటకింత అని కట్టాలి, కాఫీ వేరే. పోనురాను ట్రాఫిక్‌లోనే రెండు మూడు గంటలు పోతాయి. అందుకని మా ఇంట్లోనే. ఒకామె మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ చూస్తుంది, షిఫ్టుల ఉద్యోగం. ఒకామె రాయదుర్గం వైపు వెళ్ళే సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఇద్దరు టీచర్లు. పెట్టెలు ఖరీదైనవి, ఒక్కొక్కటి మూడు నాలుగు వేలు ఉంటుంది. మేము చీటీ వేసుకున్నాం. నెలకి మనిషికి ఆరు వందలు, చీటీ ఎవరికొస్తే ఆ నెల పెట్టె వాళ్ళు ఎంచుతారు. గోడ నిండా పెట్టెలు పేర్చి, ముందు నిలబడి ఫోటో దిగే మగ సేకర్తల్ని చూశాను. మాది అలాంటి సేకరణ కాదు. ఎవరి సొంతమూ కాదు. నా పిహెచ్.డి. పుస్తకాల అలమరలో కింది రెండు అరలు ఖాళీ చేసి పెట్టాను, అంతే. ఇప్పటికి ముప్పై ఒక్క పెట్టెలు చేరాయి.

మాలో ఒకామె, రెండేళ్ళుగా, ఇంట్లో ఆఫీసు మీటింగు ఉందని చెప్పి వస్తుంది. ఆటకి వెళ్తున్నానని చెప్పదు. చెప్తే కొడతారని కాదు, తిడతారని కూడా కాదు. "ఆటలా?" అని ఒక నవ్వు నవ్వుతారు. ఆ నవ్వుని ఎదుర్కోవడం కంటే అబద్ధం తేలిక అంటుంది. సినిమాకి వెళ్తే చెప్పొచ్చు, గుడికి వెళ్తే చెప్పొచ్చు, బట్టల కొట్టుకి వెళ్తే మరీ చెప్పొచ్చు. ఏ పుణ్యమూ, ఏ సరుకూ ఇంటికి తేని మూడున్నర గంటలకి లెక్క చెప్పడమే కష్టం.

మగవాళ్ళ ఆటకి ఈ దేశంలో సుప్రీంకోర్టు తీర్పు ఉంది తెలుసా? సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి రమ్మీ ఆడుతున్నవాళ్ళని పట్టుకుంటే ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని 1967లో కోర్టు చెప్పింది. పేకాట చెడ్డదా మంచిదా అనేది పక్కన పెట్టండి. క్లబ్బు, బల్ల, సాయంత్రం, చివరికి న్యాయస్థానం... మగవాడి తీరికకి ఇన్ని గోడల రక్షణ ఉంది. ఇక ఆడవాళ్ళ తీరిక సంగతి ప్రభుత్వ లెక్కల్లోనే చూడొచ్చు. 2019 కాలవినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెట్టారు, ఆ పని చేసే పురుషులు 97 నిమిషాలు. 2024 సర్వేలో స్త్రీలకి 289, పురుషులకి 88. అయిదేళ్ళలో మనకి పది నిమిషాలు తగ్గాయని సంతోషించే లోపలే వాళ్ళకి తొమ్మిది తగ్గాయి.

అయితే బల్ల దగ్గర కూచోవడమే విముక్తి అనుకునేంత అమాయకత్వం మనకొద్దు. ఏ ఆట ఆడుతున్నామో కూడా చదవాలి. నా పరిశోధన గురించి అడిగిన ఒక పెద్ద ప్రొఫెసరు గారు, బోర్డు గేములు పాఠ్యం ఎలా అవుతాయమ్మా అన్నారు. ఎందుకు కావు? నవలలో పాత్ర చేసే పనిని మనం చూస్తాం. ఆటలో ఆ పని మన చేతులే చేస్తాయి. ఇంకా జాగ్రత్తగా చదవాల్సిన పాఠ్యం అది.

ఈ ఆధునిక ఆటలన్నిటికీ పెద్దమ్మ లాంటిది 'కాటాన్'. జర్మనీలో క్లౌస్ టాయ్‌బర్ తయారు చేశాడు, 1995లో వచ్చింది. షడ్భుజాల ముక్కలతో ఒక దీవి పరుస్తాం. కట్టె, ఇటుక, గొర్రె, గోధుమ, ఖనిజం పోగేసి ఇళ్ళు, దారులు, నగరాలు కడతాం. పది పాయింట్లు ముందు తెచ్చుకున్నవాళ్ళు గెలుస్తారు. ఒకరితో ఒకరు బేరాలాడుకోవాలి గనుక గదంతా గోలగోలగా ఉంటుంది, చాలా బావుంటుంది. నాకు ఇష్టమైన ఆట. కానీ చూడండి, మనం అడుగు పెట్టేసరికి ఆ దీవి ఖాళీ. మనకంటే ముందు అక్కడున్న మనిషి బొమ్మ ఒక్కటే, ఎడారిలో నిలబడి ఉంటుంది. దాని పేరు దొంగ! 2015 దాకా ఆ ఆట పూర్తి పేరు 'సెటిలర్స్ ఆఫ్ కాటాన్', తర్వాత మొదటి మాట తీసేశారు. మా చీటీకి మొదటి పెట్టెగా పాత ముద్రణ దొరికింది. మూత మీద ఆ మాట చూసి జనగామ టీచరు, శ్రీకాకుళం టెస్టరు ఒకరి మొహం ఒకరు చూసుకుని పడీపడీ నవ్వారు. కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్ చుట్టుపక్కల సెటిలర్ అన్న మాటని ఎన్ని గొంతులతో ఎన్ని రకాలుగా అంటారో వాళ్ళకి తెలుసు. ఆ మాట మీద ఆ రోజు గంటసేపు వాదన జరిగింది, ఆట మొదలే కాలేదు. ఏ సెమినార్లోనూ నేను అంత మంచి చర్చ వినలేదు.

2002లో వచ్చిన 'ప్యూర్టో రికో'లో తోటల్లో పని చేయడానికి ఓడలో గోధుమరంగు బిళ్ళలు దిగుతాయి. రూల్ బుక్కు వాటిని కాలనిస్టులు అంది. వాళ్ళెవరో ఆడేవాళ్ళకి అర్థమవుతూనే ఉంటుంది. 2022లో ఆ ఆటనే బానిసత్వం రద్దయిన తర్వాతి కాలానికి, 1897కి, మార్చి మళ్ళీ వేశారు. అందరూ కలిసి రోగాలతో పోరాడే 'పాండెమిక్' లాంటి సహకార ఆటలు మనకి నచ్చుతాయనుకుంటాం. అక్కడా ఒక తంటా ఉంది. ఒకసారి మా స్నేహితురాలి భర్త కూచున్నారు. మంచి మనిషి. తన వంతుతో పాటు మా నలుగురి వంతులూ ఆయనే ఆడారు.

ఇక ఆట చేసిన స్త్రీల సంగతి. మనం వేసవి సెలవుల్లో ఊళ్ళు కొని, ఇళ్ళు కట్టి, అద్దెలు వసూలు చేసిన 'బిజినెస్' ఆట గుర్తుందా? అది 'మోనోపలీ'కి దేశీ నకలు. ఆ మోనోపలీకి తల్లి లిజీ మెగీ అనే అమెరికన్ స్టెనోగ్రాఫర్. భూమి అద్దె కొద్దిమంది చేతిలో పోగుపడితే మిగతావాళ్ళు ఎలా చితికిపోతారో ఆడుకుంటూ నేర్చుకోవాలని 'ల్యాండ్‌లార్డ్స్ గేమ్' తయారు చేసి 1904లో పేటెంటు తీసుకుంది. ఒకరు పెరిగితే అందరికీ వాటా వచ్చేలా ఇంకో రకం నియమాలు కూడా తయారు చేసింది. లోకం ఏ రకాన్ని ఉంచుకుందో చెప్పక్కర్లేదు. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ ఆమె హక్కుల్ని 500 డాలర్లకి కొనేసింది, అమ్మకాల్లో వాటా లేదు. ఆటని తానే కనిపెట్టానని చెప్పుకున్న ఛార్లెస్ డారోకి పేరూ వచ్చింది, లక్షలూ వచ్చాయి. 1970లలో వేరే కోర్టు తగాదాలో పాత కాగితాలు తవ్వితే గానీ మెగీ పేరు బయటికి రాలేదు.

ఆమె గురించి నన్ను నిద్రపోనివ్వని సంగతి ఇంకొకటి ఉంది. 1906లో, షికాగోలో, టైపు కొట్టి సంపాదించే జీతంతో బతుకు గడవక, ఆమె పత్రికలో ఒక ప్రకటన వేసింది. ఒక అమెరికన్ యువతి, బానిస, అమ్మకానికి ఉంది, ఎక్కువ ఇచ్చినవాళ్ళు కొనుక్కోవచ్చు అని. పెళ్ళిలోనూ ఉద్యోగంలోనూ స్త్రీ స్థితి అదే కదా అని లోకానికి చూపించడానికి. తనని తానే పందెంగా ఒడ్డి ఆట నియమం ఏమిటో అడిగింది. ద్రౌపది ప్రశ్న పక్కన ఈ ప్రకటనని పెట్టి చదవండి. ఇద్దరికీ సభ జవాబు చెప్పలేదు.

ఈమధ్య పరిస్థితి కొంత మారింది. ఎలిజబెత్ హార్‌గ్రేవ్ కోటలూ యుద్ధాలూ విసుగెత్తి, తనకిష్టమైన పక్షుల మీద 'వింగ్‌స్పాన్' చేసింది, 2019లో జర్మనీ బహుమతి కూడా వచ్చింది. పెట్టె మీద ఆమె పేరు ఉంది. మా టీచరు చీటీ డబ్బుతో అదే కొన్నది.

మరి పెట్టె లేని ఆటలకి? వామనగుంటలు మన ఆడవాళ్ళ ఆట, ఎంత చల్లని ఆట, ఎంత సామరస్యం అని రాసినవి చదివాను. ఆ మాట రాసినవాళ్ళు రెండో రౌండు దాకా ఆడలేదేమో అనిపిస్తుంది. ఏడేసి గుంటలు రెండు వరసలు. గింజలు పంచుకుంటూ పోతాం, ఖాళీ గుంట తర్వాతి గుంటలోవి దోచుకుంటాం. మొదటి రౌండులో తక్కువ గింజలొచ్చిన మనిషి రెండో రౌండుకి తన గుంటలన్నీ నింపలేదు. నింపలేని గుంటలు మూతబడతాయి. అంటే చిన్న కమతంతో మొదలుపెట్టాలి, చిన్న కమతంతో మరింత త్వరగా ఓడిపోవాలి. మెగీ ఆటలో అద్దెదారు బతుకే అది. తరతరాల ఆడవాళ్ళు అప్పు ఎలా పెరుగుతుందో ఈ చెక్క మీద లెక్క కట్టి నేర్చుకున్నారని నా అనుమానం. చల్లదనం పేరుతో ఆ తెలివిని చెరిపెయ్యడం నాకిష్టం లేదు.

అందుకే రూల్ బుక్కు పనిలో భాగంగా వామనగుంటల పద్ధతులు కూడా రాస్తున్నాను. శ్రీకాకుళం స్నేహితురాలి పద్ధతి కఠినం. మూతబడ్డ గుంట మూతబడ్డట్టే. జనగామ టీచరు వాళ్ళమ్మగారు ఒక ఆదివారం వచ్చి ఇంకోలా ఆడించారు. గెలిచినామె ఓడినామెకి గింజలు అప్పివ్వాలి, ఇవ్వనంటే కుదరదు. "లేకుంటే ఆట అయిపోతది గదా, మల్ల ఎవరితోని ఆడుతవు?" అన్నారు. రెండు పద్ధతులూ వేరువేరుగా కాగితం మీద పెట్టి, చెప్పినవాళ్ళ పేర్లు కింద వేస్తున్నానని, ఆమె పేరు అడిగాను.

"నా పేరెందుకు బిడ్డా. మా మేనత్త పేరు రాయి. ఆమెనే నేర్పింది."

ఆమె పేరేంటమ్మా అన్నాను. చేతిలో గింజలు అటూ ఇటూ చేస్తూ కాసేపు ఆలోచించారు.

"ఏమో బిడ్డా... అందరం చిన్నత్త అనేటోళ్ళం."