ఏజెంటు కోసం టూల్ వివరణ: కృష్ణా డెల్టా లెక్కలతో ఒక పరిశీలన

ప్రకాశం బ్యారేజీ ప్రవాహం చెప్పాలన్నా, ఒక రైతు అడంగల్ తీసి ఇవ్వాలన్నా కృత్రిమ మేధ ఏజెంటుకు టూల్స్ కావాలి. ఒక్కో టూల్‌కు ఒక పేరు, అది చేసే పని చెప్పే కొన్ని వాక్యాలు, ఏయే వివరాలు అందించాలో చూపే పట్టిక ఉంటాయి. వెనక నడిచే కోడ్ ఏజెంటుకు సాధారణంగా కనిపించదు. ఆ వాక్యాలు చదివే ఏ టూల్ వాడాలో, దానికి ఏమివ్వాలో అది నిర్ణయించుకుంటుంది. కొత్తగా చేరిన గుమాస్తాకు సందేహం వస్తే పక్క సీటులో అడుగుతాడు. ఏజెంటుకు పక్క సీటు లేదు. అందుకే ఆఫీసులో అందరికీ తెలుసు కదా అని వదిలేసే సంగతులనే ముందుగా రాయాలి.

ఈ రాతకు పాత సంప్రదాయమే ఉంది. 1971 నవంబరులో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ వెలువరించిన యూనిక్స్ మాన్యువల్ కమాండ్లను ఒకే వరుసలో వివరించింది: పేరు, వాడే తీరు, వివరణ, చివర్లో తెలిసిన లోపాలు. లోపాలను దాచకుండా అచ్చువేయడం ఆ మాన్యువల్ మిగిల్చిన గొప్ప వారసత్వం. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ తన మోడళ్లకు ఫంక్షన్లను వర్ణించి అప్పగించే పద్ధతి తెచ్చింది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అలాంటి వర్ణనలకు ఒక ఉమ్మడి రూపం ఇచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ విషయం ఇప్పుడు దూరపు మాట కాదు. 2025 జనవరి 30న 161 ప్రభుత్వ సేవలతో వాట్సాప్‌లో ‘మన మిత్ర’ మొదలైంది. జాబితాలోంచి సేవను ఎంచుకునేటప్పుడు పొరపాటు జరిగితే మనిషి కళ్లకే కనబడుతుంది. తన మాటల్లో ఒక వాక్యం రాసి పని అప్పగించే రోజున ఆ ఎంపిక యంత్రానిది. అప్పుడు వివరణలో ఉన్న సందిగ్ధం నేరుగా జవాబులోకి వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ తప్పులు కొలతల దగ్గర పుడతాయి. బ్యారేజీ టూల్ ‘5.69’ అని మాత్రమే తిరిగిచ్చిందనుకుందాం. అది లక్షల క్యూసెక్కులైతే రెండో ప్రమాద హెచ్చరిక స్థాయి, మొదటిది 3.97 లక్షలు. అదే అంకెను టీఎంసీలుగా చదివితే అర్థమే వేరు. క్యూసెక్కు సెకనుకు పారే నీటిని చెబుతుంది, టీఎంసీ నిలిచిన లేదా పారిన మొత్తం నీటిని చెబుతుంది. లక్ష క్యూసెక్కులు రోజంతా పారితే 8.64 టీఎంసీలు. కాబట్టి వివరణలో అంకె పక్కన ప్రమాణం, అది ఇన్‌ఫ్లోనా అవుట్‌ఫ్లోనా, కాలువలకు వదిలిన నీరు కలిసిందా లేదా, ఎప్పటి నమోదు అన్నవి ఉండి తీరాలి. భూమి లెక్కల్లోనూ అంతే. ఎకరానికి 100 సెంట్లు, ‘1.5’ అంటే ఎకరం అయిదు సెంట్లా, ఎకరన్నరా? ధాన్యం దగ్గరా ఇదే చిక్కు: డెల్టా రైతు 75 కిలోల బస్తాల్లో లెక్కపెడతాడు, కొనుగోలు ధర క్వింటాలుకు ఉంటుంది.

ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు మరో చిక్కు. 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా పునర్వ్యవస్థీకరణ జరిగి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు కేంద్రమైంది. నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. పాత పత్రంలో ‘కృష్ణా జిల్లా’ అని ఉన్నవాళ్ల కోసం టూల్ ఏ జిల్లా పేరు ఆశిస్తుందో చెప్పాలి. ఇంటిపేరు ముందా వెనకా, ఇంగ్లీషులో లక్ష్మి పేరును రాసే రెండు మూడు తీరుల్లో దేన్ని పట్టుకుంటుందో ఉదాహరణలతో చూపాలి.

ఎప్పుడు వాడకూడదో రాయడం చాలామంది మరిచే పని, బహుశా అన్నిటికంటే విలువైన పని కూడా. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం వచ్చింది. అదే సమయంలో విజయవాడలోని అజిత్‌సింగ్ నగర్‌ను ముంచింది మాత్రం బుడమేరు వాగుకు పడిన గండ్ల నీరు. సింగ్ నగర్ సంగతి అడిగిన వాళ్లకు ఏజెంటు బ్యారేజీ ప్రవాహం తగ్గిందని ధైర్యం చెబితే ప్రాణాల మీదికి వస్తుంది. ‘ఈ టూల్ బ్యారేజీ ప్రవాహం మాత్రమే ఇస్తుంది, బుడమేరు ముంపు అంచనాకు వాడవద్దు’ అన్న వాక్యం అలాంటి చోట ఉండాలి.

చదివే టూల్‌నూ మార్చే టూల్‌నూ విడిగా గుర్తించాలి. దరఖాస్తు పెట్టే టూల్‌ను రెండుసార్లు పిలిస్తే రెండు దరఖాస్తులు పడతాయా, కట్టిన రుసుము వెనక్కి వస్తుందా అన్నది చెప్పకపోతే ఏజెంటు ఊహించుకుంటుంది. లోపం వచ్చినప్పుడు ఇచ్చే సందేశం కూడా వివరణలో భాగమే. ‘రికార్డు లేదు’ వేరు, ‘సర్వర్ పలకలేదు’ వేరు. ఈ రెండూ కలిసిపోతే ఉన్న పొలాన్ని లేదని చెప్పే ప్రమాదం ఉంది. ‘సర్వే నంబరు ఉపవిభాగంతో సహా ఇవ్వండి, ఉదాహరణకు 45-2’ అనే సందేశం వస్తే ఏజెంటు తప్పు తానే దిద్దుకోగలదు.

అలాగని పేజీలకు పేజీలు రాయడమూ పనికిరాదు. వివరణలన్నీ మోడల్ ఒకేసారి చదవగలిగే పరిమితిలో చోటు తింటాయి.

రాసిన వివరణ నిలుస్తుందో లేదో తేలేది పరీక్షలోనే. జనం అడిగే తీరులోనే ప్రశ్నలు సిద్ధం చేసుకోవాలి: ‘మా నాన్నగారి పేరు మీద పొలం ఎంతుంది’, ‘కాలవకి నీళ్లు వదిలారా’. ఏజెంటు ఏ టూల్ ఎంచుకుంది, ఏ విలువలు నింపింది అన్నది చూసి, తప్పిన చోట ముందు వాక్యాన్ని దిద్ది మళ్లీ అడగాలి. కోడ్‌లో ప్రమాణమో, జిల్లాల జాబితానో, హెచ్చరిక స్థాయో మారిన రోజే వివరణ కూడా మారాలి. దాన్ని ఎవరు మార్చాలో, చివరిసారి ఎప్పుడు మార్చారో ఆ పత్రంలోనే నమోదై ఉండాలి.