ముద్ర ఎవరిది, బాధ ఎవరిది? స్త్రీవాద మనోచికిత్సపై ఒక పరిశీలన

ఒక మనిషి బాధతో వచ్చినప్పుడు లోపాన్ని ఆ మనిషిలోనే వెతకాలా, లేక ఆ మనిషి మీద సమాజం వేసిన ముద్రలో కూడా వెతకాలా? స్త్రీవాద మనోచికిత్సకు ఇది మూల ప్రశ్న. స్త్రీల దిగులుకు ఇంటిలోని, సమాజంలోని అధికార సంబంధాలు కూడా కారణమని ఈ దృక్పథం చెబుతుంది. స్వలింగ ప్రేమను, ట్రాన్స్‌జెండర్ అస్తిత్వాన్ని రోగంగా చూడక, గౌరవించి సాయపడాలనే చికిత్సా విధానం కూడా ఇదే ప్రశ్నను అడుగుతుంది. ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురం చరిత్ర దీనినే మన ముందుంచుతుంది.

1871 నాటి నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టింది. 1911లో వచ్చిన చట్టంతో ఈ విధానం మద్రాసు రాష్ట్రంలోనూ అమలైంది. ఆ చట్టం కింద ఎరుకల కుటుంబాల కోసం ఏర్పడి, సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటే స్టూవర్టుపురం. హాజరు పట్టీ, ఊరు దాటడానికి అనుమతి అక్కడి నిత్యజీవితం. ఇళ్ల ముంగిట కూర్చుని ఇతర స్త్రీల కష్టసుఖాలు విని 'ఎరుక' చెప్పే స్త్రీలున్న జాతి అది. వారి కష్టం వినే చోటు మాత్రం లేకపోయింది.

విద్యార్థులు ఒక విషయం గమనించాలి. అదే 1871 చట్టం రెండో భాగం ఉత్తరాదిన హిజ్రాలను రిజిస్టరులో చేర్చింది. స్త్రీల దుస్తులతో బహిరంగంగా కనిపిస్తే శిక్ష వేసింది. హైదరాబాదులో 1919లో వచ్చిన అటువంటి చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టివేసింది. అంటే ఒకే చట్టం కులాన్నీ, లింగ అస్తిత్వాన్నీ నేరంగా చూసింది.

జాతుల చట్టం 1952లో రద్దయింది. పరస్పర అంగీకారంతో ఉన్న స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. కాని చట్టం పోయినంత మాత్రాన సిగ్గు పోదు. ఒక ఊహా సందర్భం తీసుకుందాం. ఈ ఊరి అమ్మాయి పట్నం హాస్టలులో సొంతూరి పేరు చెప్పడానికి జంకుతుంది. మరో అమ్మాయిని ప్రేమించిన సంగతి ఇంట్లో దాస్తుంది. 'పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి' అనే సలహాదారు ఆమె భయాన్ని రెట్టింపు చేస్తాడు. ఆమె ప్రేమను మాత్రమే గౌరవించి, ఊరి పేరు దాచే బాధను గుర్తించని సలహాదారు కూడా సగమే విన్నట్టు. రెండు ముద్రలనూ పోల్చి చూడగలిగితేనే ఆమె 'తప్పు నాది కాదు' అనే మాటకు చేరుతుంది.

ఈ విధానం బలం ఇదే. దీని పరిమితీ ఇక్కడే ఉంది. చికిత్స ఒక గదిలో, ఒక గంటలో, తరచూ రుసుముతో జరుగుతుంది. ఆ అమ్మాయి తిరిగి వెళ్లేది అదే ఇంటికి, అదే పోలీసు అనుమానం మధ్యకు. 1970ల నుంచి లవణం, హేమలతా లవణం దంపతులు ఈ ఊరి కుటుంబాలతో కలిసి పనిచేశారు. ఆ పనికి 'నేరస్థుల సంస్కరణ' అనే పేరే స్థిరపడింది. ఆ పేరు మారాల్సింది ఊరే అన్నట్టు వినిపిస్తుంది. కాని మాట్లాడవలసింది ఒంటరి మనిషితోనే కాదు, ఊరితో కూడా అనే పాఠం ఆ పనిలో ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కుల, లైంగికతా వివక్ష లేని చికిత్సను హక్కుగా చెప్పింది. ఆ హక్కు స్టూవర్టుపురం గడప దాకా వచ్చినప్పుడే ఈ సిద్ధాంతం నిలిచినట్టు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 'సంస్కరించడం', 'గౌరవించి సాయపడటం' – ఈ రెండింటి తేడాను మీ ఊరి ఉదాహరణతో వివరించండి.