నలుపులో నలుపు: ఒక పాన్‌దాన్ ఛాయాచిత్రాల పరిశీలన

వెలుగు, నీడ, వాటి నడుమ ఉండే బూడిద ఛాయలను గురించి గత భాగంలో చదివారు. ఆ విషయాలను ఇప్పుడు ఒక చిత్రమాలికకు అన్వయించి చూద్దాం. మన విద్యార్థిని ఒకరు అభ్యాసంగా పంపిన ఆరు నలుపు తెలుపు ఛాయాచిత్రాలివి. వస్తువు, వాళ్ళ నాయనమ్మ వాడిన బిద్రీ పాన్‌దాన్. చిత్రాలతో పాటు ఆమె చిన్న వివరణ కూడా రాశారు. నాయనమ్మ పోయారు. వేసవి దాటాక పెట్టె పెద్దత్త ఇంటికి వెళ్తుంది. తన దగ్గర మిగిలేవి ఈ ఫొటోలే. చిత్రాలను బేరీజు వేసేటప్పుడు ఈ మాట మరవకూడదు. అందంగా ఉన్నాయా అన్న ప్రశ్న ఒక్కటే ఇక్కడ చాలదు. పెట్టె వెళ్ళిపోయాక అదెలా ఉండేదో ఇవి చెప్పగలవా అని కూడా అడగాలి.

ముందు వస్తువు సంగతి చూద్దాం. ఎక్కువ పాలు జింకు, కొద్దిగా రాగి కలిసిన లోహంతో బిద్రీ పాత్రను పోత పోస్తారు. ఆకురాయితో నునుపు చేసి, ఉలితో నమూనా చెక్కి, ఆ గాడుల్లో వెండి తీగనో, రేకునో కూర్చి సుత్తితో కొట్టి బిగిస్తారు. చివర్లో బీదరు కోట మట్టిని నవసాగరంతో కలిపి వేడి పాత్రకు పట్టిస్తే లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగానే నిలుస్తుంది. అంటే ఈ వస్తువు పుట్టుకతోనే నలుపు తెలుపు. అలాంటప్పుడు రంగులు తీసేసి చూపించడంలో ప్రయోజనమేమిటన్న సందేహం మీకు కలగవచ్చు. సరైన సందేహమే. దీనికి జవాబు ఒక్కో చిత్రంలో ఒక్కో రకంగా ఉంది.

మొదటి మూడు చిత్రాల్లో మూత మీది పూలతీగలున్నాయి. చూడగానే ఆకట్టుకునేవి ఇవే. మాలికలో బలహీనమైనవి కూడా, నా ఉద్దేశంలో, ఇవే. పెట్టెను నల్లగుడ్డ మీద పెట్టి, వెనక కూడా నల్లగుడ్డే కట్టి, ఆపైన కాంట్రాస్ట్ బాగా పెంచారు. దాంతో వెండి పూలు చీకట్లో తేలుతున్నాయి గానీ పెట్టె కనిపించడం లేదు. బిద్రీ నలుపు మెరుపు లేని నలుపు. చేతులు తగిలే అంచుల్లో అది కొద్దిగా బూడిద రంగుకు తిరుగుతుంది. ఆ తేడానంతటినీ నల్లగుడ్డ మింగేసింది. వాకర్ ఇవాన్స్ 1955లో ‘ఫార్చ్యూన్’ పత్రిక కోసం తీసిన సామాన్యమైన చేతి పనిముట్ల చిత్రాలను ఇక్కడ గుర్తు చేసుకోవాలి. వాటి వెనక తేట నేపథ్యం తప్ప మరేమీ లేదు. ఇనుము అంచు ఎక్కడ ముగుస్తుందో కంటికి ఇట్టే తెలిసిపోతుంది. మన విద్యార్థిని కూడా ఒక బూడిదరంగు అట్ట వాడి ఉంటే సరిపోయేది.

ఈ మూడింటి మీద ఎడ్వర్డ్ వెస్టన్ ప్రభావం ఉన్నట్టు తోస్తుంది. ఆయన 1930లో ఒక క్యాప్సికంను తగరపు గరాటులో పెట్టి తీసిన చిత్రం ప్రసిద్ధం. దాన్ని చూసినప్పుడు కాయ మాట మరచిపోతాం, వంపు తిరిగిన మనిషి శరీరమే స్ఫురిస్తుంది. అయితే వెస్టన్‌కు ఆ కాయ ఎవరి తోటదన్నది అవసరం లేదు. ఇక్కడ పెట్టె ఎవరిదన్నదే అసలు సంగతి. ఆకారం కోసం వస్తువును మరచిపోయే పద్ధతి తాతముత్తాతల సొత్తుకు అంతగా నప్పదు. మ్యూజియం కేటలాగులోని ఏ పాన్‌దాన్ మూతైనా ఈ మూడు చిత్రాల్లాగే ఉండగలదు.

పైగా, వెండి మెరవాలని ఫొటోలకు ముందు మూత తోమానని ఆమె నిజాయితీగా రాశారు. పండగ ముందు చింతపండుతో ఇత్తడి సామాను తోమే ఇంట్లో పెరిగినవారికి ఆ చెయ్యి ఆగదు, నాకు తెలుసు. కానీ వెండి మీద ఏళ్ళ తరబడి పేరుకున్న మకిలి కూడా ఆ ఇంటి చరిత్రే. అది మళ్ళీ రాదు.

నాలుగో చిత్రం లోపలి గిన్నెలది. సున్నం, వక్కలు, కాచు. గిన్నె అంచున సున్నం గారకట్టి తెల్లగా చక్కగా వచ్చింది. కాచు మరక మాత్రం నల్ల లోహంలో కలిసిపోయింది. రంగుల్లో చూస్తే ఎర్రటి గోధుమ రంగులో ఉండే ఆ మరక ఇక్కడ లేనే లేదు. నలుపు తెలుపు వల్ల నష్టం జరిగిన చోటు ఇదొక్కటే, అయితే దీన్ని సరిదిద్దవచ్చు. రంగు చిత్రాన్ని నలుపు తెలుపులోకి మార్చేటప్పుడు ఎరుపు పాలు పెంచితే మరక తేలికపడి, నలుపు నలుపుగానే ఉంటుంది. ఫిల్ము మీద తీసేవారు ఎర్ర ఫిల్టరు వాడతారు. ఎరుపును గ్రహించలేని పాతకాలపు ప్లేట్లలో దీనికి సరిగ్గా విరుద్ధంగా జరిగేది. ఆ ఫొటోల్లో నుదుటి కుంకుమ నల్లగా పడింది అందుకే.

అయిదో చిత్రం దగ్గర కాసేపు ఆగండి. పెట్టె మూలన వెండి తీగ ఊడిపోయిన చోటది. కిటికీ వెలుతురు పక్కనుంచి, బాగా కింద నుంచి పడుతోంది. ఖాళీ గాడి నీడతో నిండింది, దాని అవతలి గట్టు సన్నగా మెరుస్తోంది, అడుగున ఉలి దెబ్బలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చు. వస్తువు ఎలా తయారైందో, ఎలా పాతబడిందో రెండూ ఒకే చోట తెలుస్తున్నాయి. రంగు లేకపోవడం ఇక్కడ నిజంగా కలిసివచ్చింది. చూపు మరో దాని మీదికి పోదు. ఎదురుగా ఫ్లాష్ వేసి ఉంటే ఈ లోతు కనిపించేది కాదు.

ఆరోది, మూత తెరిచేటప్పుడు బొటనవేలు ఆనే చోటు. అక్కడ నలుపు అరిగి లేత బూడిద మచ్చ పడింది. ఫోకస్ మాత్రం మచ్చ మీద కాక వెనకనున్న పువ్వు మీద కుదిరింది. ఇంత దగ్గరగా తీసేటప్పుడు స్పష్టంగా వచ్చే మేర చాలా తక్కువ. స్టాండు మీద కెమెరా పెట్టి, ఎపర్చర్ చిన్నది చేసి, చేయి తగలకుండా టైమర్‌తో తీయాల్సింది. ఇంత లోపమున్నా, ఒక్కటే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. ఆరు చిత్రాల్లో నాయనమ్మ ఉన్నది ఇందులోనే.

మరొక లోటు. పెట్టె ఎంత పెద్దదో ఏ చిత్రమూ చెప్పడం లేదు. పక్కన ఒక చెయ్యి ఉంటే చాలు. ఆరో చిత్రాన్ని ఎవరిదైనా బొటనవేలితో మళ్ళీ తీయమని, ఇకపై ఏదీ తోమవద్దని ఆమెకు రాశాం. లోపలి గిన్నెల జోలికి ఇంకా పోలేదని జవాబిచ్చారు.