గబ్బిలం ఏ పక్షం? - జాషువాను చదవడంలో మన తొందర

జాషువా మీద సభ జరిగితే రెండే రెండు ఉపన్యాసాలు వినపడతాయి. జాషువా తొలి దళిత మహాకవి, ఆయన మీద ఒక్క మాట అన్నా జాతి ద్రోహమే అనేది ఒకటి. జాషువా హిందూ సంస్కరణవాది, గాంధీ భక్తుడు, గుడి బయట నిలబడి శివుడికి అర్జీ పెట్టుకున్నవాడు, అంబేడ్కర్ దారి పట్టనివాడు అనేది రెండోది. మొదటి ఉపన్యాసం దండ వేసి కూర్చుంటుంది. రెండోది ఆ దండ తీసేసి కూర్చుంటుంది. రెండింటికీ ఒక సౌకర్యం ఉంది. 'గబ్బిలం' పుస్తకం తెరవాల్సిన పని లేదు.

మూడో ఉపన్యాసం కూడా ఒకటుంది గానీ అది మనది కాదు. జాషువా కులాలకు అతీతుడు, శైలి మధురం, ధార అమోఘం అని చెప్పి, ఆ ధార ఎవరి ఆకలి మీద పారిందో చెప్పకుండా దాటేసే పండిత ప్రసంగం అది. దాన్ని ఇక్కడ చర్చించను. ఇంటి మనుషులం మనం ఎట్లా చదువుతున్నామన్నదే ఈ వ్యాసం.

ఈ 'అయితే ఇటు, కాకపోతే అటు' అనే అలవాటు మనకు ఊరికే రాలేదు. 1985లో కారంచేడులో మాదిగపల్లె మీద పడి మనుషుల్ని నరికినప్పుడు, 1991లో చుండూరులో ఎనిమిదిమందిని చంపినప్పుడు, మధ్యలో నిలబడి మాట్లాడిన ప్రతివాడూ చంపినవాడి పక్కనే తేలాడు. 'రెండు వైపులా తప్పులున్నాయి' అన్నవాళ్ళు, 'తొందరపడి ఒక పక్షం తీసుకోకూడదు' అన్నవాళ్ళు, అందరూ చదువుకున్నవాళ్ళే. చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు 2007లో వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. దాని తర్వాత కూడా మనకు సంయమనం నేర్పినవాళ్ళున్నారు. కాబట్టి 'సూక్ష్మంగా చూడాలి', 'సమతూకంగా చూడాలి' అనే మాటలు వినగానే మన కార్యకర్తలకు ఒళ్ళు మండటంలో న్యాయం ఉంది. ఆ మాటలు మన మీద చాలాసార్లు వాడారు.

కాకపోతే ఇక్కడొక ప్రశ్న ఉంది. చంపినోడికీ చచ్చినోడికీ మధ్య పక్షం తేల్చుకోవడానికి కావలసిన చూపు, మన కవి రాసిన పుస్తకాన్ని చదవడానికి సరిపోతుందా? సరిపోదని నాకు తెలిసింది తరగతి గదిలో కాదు, మా ఇంటి అరుగు మీద.

ఎం.ఏ.లో చేరిన ఏడు నేను జాషువా మీద ఒక వ్యాసం రాశాను. అందులో ఆయన్ను 'హరిజన కవి' అని తేల్చేశాను. గుడి తలుపు ముందు చేతులు కట్టుకున్న కవి అన్నాను. నలుగురు మెచ్చుకున్నారు. సెలవులకు ఇంటికెళ్ళి మా నాయనకు గొప్పగా చదివి వినిపించాను. మా నాయనకు సంతకం పెట్టడం కూడా సరిగా రాదు. కానీ హరిశ్చంద్ర నాటకం కాటి సీను పద్యాలు, 'గబ్బిలం' పద్యాలు హార్మోనియం పక్కన కూర్చుని విని విని నోటికొచ్చేసినవాడు. అంతా విని ఒకే మాటన్నాడు: "ఆయన బాకీ అన్నాడు గదరా. బాకీ అడిగినోణ్ణి అడుక్కున్నాడంటావేంది?"

ఆ రోజు నాకు కోపం వచ్చింది. తర్వాత పుస్తకం తెరిచాను.

'గబ్బిలం' 1941లో వచ్చింది. కాళిదాసు మేఘసందేశం చట్రాన్ని తీసుకుని రాసిన కావ్యం. అక్కడ యక్షుడు, ఇక్కడ తంజావూరు సీమలో ఒక అంటరానివాడు. అక్కడ మేఘం, ఇక్కడ గబ్బిలం. అక్కడ సందేశం దూరాన ఉన్న భార్యకు, ఇక్కడ శివుడికి. యక్షుడికి శాపం ఒక్క ఏడాది. మన మనిషి శాపానికి గడువు లేదు. మనిషికి ప్రవేశం లేని గుళ్ళోకి ఎవరూ పిలవకుండానే వెళ్ళే ప్రాణి గబ్బిలం. దాన్ని పిలిచి, పూజారి లేని సమయం చూసి నా మాట శివుడి చెవిన వెయ్యమంటాడు. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

ఆ కాలం ఎట్లాంటిదో గుర్తు చేసుకుందాం. 1930లో నాసిక్ కాలారాం గుడి ముందు అంబేడ్కర్ నాయకత్వంలో సత్యాగ్రహం. 1932లో పూనా ఒడంబడిక. 1933-34లో గాంధీ హరిజన యాత్ర. 1935లో యేవలాలో, హిందువుగా చావనని అంబేడ్కర్ ప్రకటన. 1936లో ట్రావెన్కూరు ఆలయ ప్రవేశ ప్రకటన. 1939లో మదురై మీనాక్షి గుడి ప్రవేశం. అంటే జాషువా ఈ కావ్యం అచ్చు వేసేనాటికి రెండు దారులు స్పష్టంగా ఉన్నాయి. గుళ్ళోకి పోవడం ఒకటి, గుడినే వదిలేసి పోవడం రెండోది. జాషువా నాయకుడు లోపలికీ పోడు, వదిలేసీ పోడు. అందుకే మన రెండు ఉపన్యాసాలకూ ఆయన లొంగడు.

అతను పంపిన సందేశంలో ఏముంది? గుడి తలుపు తియ్యమన్నది అందులో అసలు సంగతి కాదు. అతని రెక్కల కష్టం లేకపోతే పైరు పండటానికే వెనకాడుతుందంటాడు కవి. అంత తిండి పుట్టించినవాడికి తిండి లేదు. చెప్పులు కుట్టే ఆ మనిషి సేవకు ఈ దేశమే బాకీ పడిందంటాడు. రాతి విగ్రహాల పెళ్ళిళ్ళకు పోసే డబ్బుకూ, పేదవాడి ఖాళీ విస్తరికీ మధ్య లెక్క అడుగుతాడు. కర్మ అనే సిద్ధాంతంతో నోరు కట్టేసి, తన వాటా తినేసినవాళ్ళు ఎవరని అడుగుతాడు. ఇది అర్జీ భాష కాదు. పంట ఇంటికి చేరాక దొర అరుగు ముందు నిలబడి లెక్క తేల్చమనే కూలివాడి భాష. మా నాయనకు వెంటనే వినపడిందీ, నాకు వినపడనిదీ అదే. నా చెవిలో అప్పటికే ఒక తీర్పు ఉంది. ఆయన చెవిలో పద్యం ఉంది.

ఈ బాకీ మాట 'గబ్బిలం'లో మాత్రమే లేదు. దానికి తొమ్మిదేళ్ళ ముందు 1932లో వచ్చిన 'ఫిరదౌసి' కథేంటి? పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని రాయించుకుని, చివరికి వెండి ఇచ్చి మోసం చేసిన గజనీ మహమ్మదు కథ. పనిచేయించుకుని కూలి ఎగ్గొట్టడం. ఒక కావ్యంలో కూలి ఎగ్గొట్టినవాడు సుల్తాను. ఇంకో కావ్యంలో వర్ణవ్యవస్థ. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే జాషువా శివుడు భక్తుడి దేవుడిలా కనపడడు. భూమి గల ఆసామిలా కనపడతాడు. పూజారి ఆ దివాణం గుమాస్తా. గుమాస్తా లేనప్పుడు చెప్పమనడంలో ఉన్నది భక్తి కాదు, అనుభవం. లెక్కలు తారుమారు చేసేది ఎవరో కూలివాడికి తెలుసు.

ఇంకో సంగతి మర్చిపోతాం. జాషువా క్రైస్తవుడిగా పెరిగినవాడు. తల్లి మాదిగ, తండ్రి యాదవ. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. శివుడు ఆయన ఇంటి దేవుడు కాడు, ఊరి దేవుడు. తన ఇంటి దేవుణ్ణి వేడుకోవడానికీ, ఊరి దేవుణ్ణి లెక్క అడగడానికీ తేడా ఉంది. ఆ తేడా చూడకుండా 'హిందూ కవి' అనడం ఎంత తప్పో, ఊళ్ళో ఆ దేవుడి పెత్తనం తనకు పట్టనట్టు జాషువా రాశాడనడమూ అంతే తప్పు.

అయితే ఇంతటితో జాషువాకు దండ వేసి కూర్చోలేం. లెక్క అడిగాడు సరే, ఎవరి ముందు అడిగాడు? పూజారిని దోషిగా నిలబెట్టి శివుణ్ణి న్యాయమూర్తిగా కూర్చోబెట్టాడు. గుమాస్తా దొంగ, ఆసామి మంచోడు, ఆసామికి సంగతి తెలిస్తే న్యాయం జరుగుతుందనే ఆశ మన పల్లెల్లో తరతరాలుగా ఉన్నదే. ఆ ఆశే మనల్ని చాలాకాలం కట్టి పడేసింది. 1936లోనే అంబేడ్కర్ 'కుల నిర్మూలన'లో శాస్త్రాల పవిత్రతనే, వాటి అధికారాన్నే కూల్చాలని చెప్పాడు. మనుషులు కులాన్ని పాటించేది చెడ్డవాళ్ళయి కాదు, మతం చెప్పింది గనక అన్నాడు. ఆ తర్కం ప్రకారం ఆసామి కూడా ముద్దాయే. 'గబ్బిలం' అక్కడిదాకా పోదు. ముద్దాయినే జడ్జీ కుర్చీలో కూర్చోబెట్టిన కావ్యమది. ఇది చిన్న లోపం కాదు. దీన్ని దాచిపెట్టి పిల్లలకు జాషువాను చెప్తే మనం కవికి న్యాయం చేసినట్టూ కాదు, పిల్లలకు చేసినట్టూ కాదు.

నిలదీతా నిజమే, నిలదీత ఆగిపోయిన చోటూ నిజమే. ఒకటి ఒప్పుకుంటే రెండోది పోతుందని మనకెందుకు భయం?

ఛందస్సు విషయంలోనూ ఇదే జరుగుతోంది. పద్యం బ్రాహ్మణుడిది, పాట మనది, వచన కవిత మనది అని ఒక లెక్క వేసుకున్నాం. ఉద్యమానికి పాట చేసిన మేలు ఎవరూ కాదనలేరు. కారంచేడు తర్వాత గ్రామగ్రామానికి సంగతి చేరవేసింది పాటే. కానీ పద్యం మన వాడల్లో లేదా? జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలు హరిశ్చంద్ర నాటకంలోకి ఎక్కి, పెట్రోమాక్సు దీపాల కింద, తెల్లవార్లూ, చదువు రానివాళ్ళ చేత 'వన్స్ మోర్' అనిపించుకున్నాయి. అది మన సాహిత్య చరిత్ర కాదా? చదువు దొరకనివ్వని సమాజంలో ఆ చదువుకు గుర్తుగా ఉన్న వృత్తాల్ని పట్టుకుని వాళ్ళ గడప మీదే కొట్టడం ఒక పోరాటం. అదే సమయంలో దాని ఖరీదూ చూడాలి. ఆ వృత్తాల్లో ఇమడాలంటే సంస్కృత సమాసం కావాలి. ఆ సమాసంలో మాదిగపల్లె నుడికారం చాలాచోట్ల ఊపిరాడక పోయింది. నాటకం చూసి పద్యం నేర్చిన మా నాయన కూడా కొన్ని మాటలకు అర్థం తెలియకుండానే పాడాడు. ఆయన గెలుపూ అదే, ఆయనకు జరిగిన నష్టమూ అదే.

గబ్బిలం దారిలో తెలుగు నేల చరిత్రంతా కనపడుతుంది. ఊళ్ళో చోటు లేనివాడు దేశమంతా నాదేనని పైనుంచి చూపించడం చిన్న సాహసం కాదు. కానీ ఆ రాజుల వైభవాన్ని మెచ్చుకునేటప్పుడు, ఆ కోటలకు రాళ్ళు మోసింది ఎవరని పొలం దగ్గర అడిగినంత గట్టిగా కవి అడగడు. అట్లాగే కావ్యమంతా ఒక మగవాడి గొంతు. కాళిదాసు దగ్గర సందేశం అందుకోవలసిన స్త్రీ అయినా ఉంది. ఇక్కడ ఆ స్థానం దేవుడిది. నాట్లేసి, కలుపు తీసి, దొరల ఇళ్ళల్లో పాచిపని చేసి, రెండు రకాల దౌర్జన్యం మోసిన మన ఆడమనిషి తన గొంతుతో తాను మాట్లాడదు. ఆ గొంతు కోసం చల్లపల్లి స్వరూపరాణి, జూపాక సుభద్ర, గోగు శ్యామల రాయాల్సి వచ్చింది. వాళ్ళు రాశారు గనక జాషువా పనికిరాడనలేం. జాషువా రాశాడు గనక వాళ్ళ లోటు తీరిందనీ అనలేం.

ఇక అందరం నోరు విప్పడానికి జంకే సంగతి. 1994లో దండోరా మొదలైన దగ్గర్నుంచి, 2004 సుప్రీంకోర్టు తీర్పు, మళ్ళీ 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందని ఇచ్చిన తీర్పు, 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లో అమలు - ఈ ముప్పై ఏళ్ళలో జాషువా ఎవరివాడన్న పంచాయితీ కూడా నడిచింది. ఒకరు మావాడంటారు. ఇంకొకరు దళితులందరివాడు, కులం పేరెత్తొద్దంటారు. పుస్తకం ఏమంటోంది? ఆ నాయకుడు పేరూ ఊరూ లేని ఉత్త 'హరిజనుడు' కాదు. అరుంధతి సంతతివాడు, చెప్పులు కుట్టేవాడు. అతని చేతిలో ఆరె ఉంది. 'దళిత' అనే పెద్దమాట కింద ఆ చేతిని కనపడనీయకపోతే అది అన్యాయమే. వర్గీకరణ అడిగినవాళ్ళు చెప్పిందీ ఇదే. కానీ ఆ మనిషి అడిగిన బాకీ ఒక్క మాదిగ బాకీ కాదు, పొలంలో దిగిన ప్రతి అంటరాని మనిషి బాకీ. వాటా విడిగా అడగడం న్యాయం. బాకీ ఉమ్మడిగా అడగడం అవసరం. ఈ రెండూ ఒకే నోటితో అనగలిగితేనే మనం జాషువాను చదివినట్టు.

దీన్ని గోడమీద పిల్లివాటం అనేవాళ్ళు ఉంటారు. గోడమీద పిల్లి ఏ పక్కకు దూకితే పాలు దొరుకుతాయో చూస్తుంది. నేను చెప్పేది అది కాదు. చుండూరులో మధ్య దారి లేదు, ఉండదు. అంటరానితనం మీద రెండో అభిప్రాయం వినాల్సిన పని లేదు. కానీ శత్రువు దగ్గర తేల్చుకున్న పక్షాన్ని మన పుస్తకాల మీద, మన పెద్దల మీద, మన సోదర కులాల మీద అట్లాగే దింపితే మిగిలేది ఉద్యమం కాదు, బహిష్కరణల జాబితా. వెలివేయడం మనకు తెలిసిన విద్య కాదు, మన మీద ప్రయోగించిన విద్య.

ఉపాధ్యాయులకు ఒక మనవి. 'గబ్బిలం' చెప్పే వారంలోనే 'కుల నిర్మూలన' కూడా చదివించండి. దానితో పాటు గోగు శ్యామల సంకలనం చేసిన 'నల్లపొద్దు' కూడా ఇవ్వండి. జాషువా గొప్పవాడా కాదా అని పరీక్షలో అడగకండి. ఆయన ఎవర్ని ఎంత బాకీ అడిగాడు, ఎవరి ముందు అడిగాడు, ఎవరి తరఫున అడగడం మర్చిపోయాడు - ఈ మూడూ అడగండి. పిల్లల్లో ఒకరిద్దరైనా ఆ ప్రశ్నలు ఇంటికి తీసుకెళ్ళి వాళ్ళ నాయన్నో, అమ్మనో అడుగుతారు. అక్కడ దొరికే జవాబులు మన జర్నళ్ళలో ఇంకా అచ్చు కాలేదు.

చిన్నప్పుడు అందరం విన్న కథే. పిట్టలకూ జంతువులకూ కొట్లాట వస్తే గబ్బిలం ఏ పక్షమని రెండూ తరిమేశాయట. రెక్కలున్నాయి, పాలిస్తుంది, ఎటు పోతుంది? అందరూ ఆ కథను గబ్బిలం కపటానికి చెప్తారు. సందేశం పంపడానికి హంసనూ చిలకనూ వదిలి, ఎవరూ తమ పక్షంలో కలుపుకోని ఆ ప్రాణినే జాషువా ఇంట్లోకి పిలిచాడు. వ్యాసం మార్చి రాసి తీసుకెళ్ళినప్పుడు ఈ మాట మా నాయనకు చెప్పాను. "ఇప్పుడు చదివావు," అన్నాడు.