నేరం కంప్రెసర్‌ది కాదు

పాత కారులో ఎయిర్ సస్పెన్షన్ కంప్రెసర్ దానంతటది పోయిందని ఎవరైనా చెబితే నేను సగమే నమ్ముతాను. చాలాసార్లు దాన్ని చంపింది వేరే ఉంటుంది. చక్రం వెనక, మట్టి చాటున, వెంట్రుకవాసి పగులిచ్చిన రబ్బరు బెలో. ఆగిపోయింది కంప్రెసర్ కాబట్టి నింద దాని మీద పడుతుంది. కొత్తది బిగిస్తారు, బండి లేస్తుంది, బిల్లు కడతారు. లీకు మాత్రం ఉన్నచోటే ఉండి కొత్తదాన్ని తినడం మొదలుపెడుతుంది.

నూజివీడు మామిడి తోటల్లో ఇలాంటి బండ్లేమిటని అడగొచ్చు. ఉన్నాయండి. హైదరాబాదులో పదేళ్లు తిరిగి అలిసిన జర్మన్ కారు కొత్త చిన్న కారు ధరకే వస్తుంటే తోట ఆసామి ఎందుకు వదులుకుంటాడు? మా బావ వదులుకోలేదు. షెడ్డులో ట్రాక్టరు, స్ప్రేయరు ఉంటాయి గనక కారు చిన్న రసం చెట్టు కింద ఉంటుంది. పూత రోజుల్లో తేనెమంచు పురుగు పైనుంచి జిగురు చిమ్ముతుంది, దాని మీద ఎర్ర దుమ్ము పడి తెల్ల కారు జేగురు రంగుకు వస్తుంది. అది కడిగితే పోతుంది. కంప్రెసర్ గాలి పీల్చుకునే గొట్టం చివర ఒక చిన్న ఫిల్టరు ఉంటుంది, దాన్ని కడిగేవాడు లేడు. తోట ఎలకలకు ఆ సన్నటి ప్లాస్టిక్ గాలి గొట్టాలంటే ఉన్న మక్కువ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇనప స్ప్రింగుల బదులు ఈ బండి బరువును నాలుగు మూలలా నాలుగు బెలోలు మోస్తాయి. ఎత్తు ఎంతుందో సెన్సర్లు చూస్తుంటాయి. ఒక మూల తగ్గితే కంప్యూటరు వాల్వు బ్లాకులో ఆ దారి తెరిచి గాలి పంపుతుంది, ఎక్కువైతే వదిలేస్తుంది. కంప్రెసర్ చూస్తే ఇంతే: పన్నెండు వోల్టుల మోటారు, దానికి బిగించిన ఒంటి సిలిండరు పంపు. రెండు చేతుల్లో ఇమిడిపోతుంది. నూనె ఉండదు. పిస్టను మీది టెఫ్లాన్ రింగు పొడిగా రాసుకుంటూనే, మనం టైర్లలో కొట్టించే గాలికి నాలుగైదు రెట్ల ఒత్తిడి పుట్టించాలి. అందుకే అది ఆగకుండా తిరిగే సరుకు కాదు. కాసేపు తిరగాలి, ఆగి చల్లారాలి. మే నెలలో నూజివీడు ఎండకి చల్లారడం కూడా అంత తేలిక కాదు.

ఆ పంపు పక్కనే డ్రయ్యరు ఉంటుంది. మాత్రల సీసాలో వేసే పొట్లంలో ఉండే గింజల్లాంటివే అందులోనూ. గాలి బెలోకి పోయేముందు వాటి మధ్య నుంచి పోయి తేమ వదిలేస్తుంది. దీన్ని తయారుచేసినవాళ్ల తెలివంతా తిరుగు ప్రయాణంలో ఉంది. బండి కిందికి దిగేటప్పుడు వదిలే పొడి గాలి మళ్లీ అదే డ్రయ్యరు గుండా బయటికి వస్తూ, గింజలు దాచుకున్న తేమను తనతో పట్టుకుపోతుంది. లీకున్న బండిలో ఈ తిరుగు ప్రయాణం తగ్గిపోతుంది. గాలి పగుల్లోంచే జారుకుంటుంది, కంప్రెసర్ బయటి తడి గాలిని పీలుస్తూనే ఉంటుంది, గింజలకు ఆరే సందే దొరకదు. శ్రావణ మాసానికల్లా డ్రయ్యరు పరిస్థితి తడి గరిటె పెట్టిన ఆవకాయ జాడీలా తయారవుతుంది. గింజలు నలిగి పొడై వాల్వుల్లోకి చేరతాయి. రింగు అరుగుతుంది. రిలే పాయింట్లు కాలి అతుక్కుంటే మోటారు తాళం తీసేసినా తిరుగుతూనే ఉండి, బ్యాటరీని చంపి తనూ కాలిపోతుంది. ఇంత జరిగాక మనకు కనబడేది చచ్చిన కంప్రెసర్ ఒక్కటే.

అందుకని స్పానర్ల కన్నా ముందు బయటికి తీయాల్సింది కొలత టేపు. సాయంత్రం బండిని చదునైన చోట ఆపి, నాలుగు మూలలా చక్రం నడిమధ్య నుంచి పైన రెక్క అంచు దాకా కొలిచి రాసుకోవాలి. పొద్దున్నే తలుపు తీయకుండా మళ్లీ కొలవాలి. తలుపు తీస్తే కొన్ని బండ్లు నిద్ర లేచి సర్దుకోవడం మొదలుపెడతాయి, ఆ కొలత ఇక పనికిరాదు. ఒక్క మూలే దిగితే ఆ బెలోనో, దాని గొట్టం బిగింపో. రెండు మూలలు జతగా దిగితే వాల్వు బ్లాకు. ఏదీ దిగకుండా లేవడమే ఆలస్యమైతే అప్పుడు కంప్రెసర్‌ని అనుమానించొచ్చు. అసలు చప్పుడే లేకపోతే ముందు ఫ్యూజు, రిలే చూడాలి. రిలే ధర వింటే నవ్వొస్తుంది.

బావ బండిలో దిగింది ముందు ఎడమ వైపు. షాంపూ నీళ్లు నురగ చేసి బ్రష్షుతో పూస్తే మామూలు ఎత్తులో ఒక్క బుడగ లేదు. ఆ ఎత్తులో రబ్బరు తనలోకి తాను మడిచిపెట్టుకుని ఉంటుంది, నురగ మడత లోపలికి పోదు. పై ఎత్తుకు లేపి, బాడీ కింద స్టాండ్లు పెట్టి, మడత విప్పుకున్నాక పూస్తే దొరికింది. ఆవగింజంత బుడగలు ఒకే గీత మీద వరసగా పొంగాయి. ఇక్కడో మాట. గాలి మీద నిలబడ్డ బండి కిందికి తల గానీ చెయ్యి గానీ పోనివ్వొద్దు. జాకీ వేసేముందు సస్పెన్షన్ తనంతట తాను కదలకుండా ఆపాలి. గొట్టం నట్టు విప్పేముందు గాలి మొత్తం వదలాలి.

బెజవాడలో ఒక వర్క్‌షాపు అప్పటికే కంప్యూటర్ తగిలించి చూసి కంప్రెసర్ మార్చాలని తేల్చింది. కోడ్ అబద్ధం చెప్పలేదు, గాలి ఒత్తిడి రావాల్సినంత వేగంగా రావడం లేదంది. ఎందుకు రావడం లేదో చెప్పడం దాని పని కాదు, అది మనిషి పని. వాళ్లు చెప్పిన రేటు విన్నాక, తోట గుత్తకిచ్చేటప్పుడు కూడా ఆడనంత బేరం ఆడాడు బావ. కుదరలేదు.

2022లో కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకు మారినా, బండి పనికి నూజివీడు ఇంకా బెజవాడకే పోతుంది. అక్కడ జవహర్ ఆటోనగర్ ఉంది మరి. కంప్రెసర్ ఊడదీసి, కార్ల వైపు కాకుండా లారీ ఎయిర్ బ్రేకులు చేసే మేస్త్రీ దగ్గరికి పట్టుకుపోయాం. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పనంతా మా లారీదే కదండీ, సైజే తక్కువ" అన్నాడు. ఆ మాటలో పెద్ద నిజం ఉంది. 1998లో వచ్చిన మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో ఎయిర్‌మ్యాటిక్ అనే ఎయిర్ సస్పెన్షన్‌కు కంప్రెసర్ చేసిచ్చిన వాబ్కో కంపెనీయే లారీలకు ఎయిర్ బ్రేకులూ చేసేది. నున్న మార్కెట్లో కాయ ఎత్తుకుని ఉత్తరాదికి బయల్దేరే లారీ డ్రైవరు గాలి ట్యాంకు అడుగున వాల్వు లాగి నీళ్లు వదలడం చూసే ఉంటారు. నొక్కిన గాలిలో నీళ్లుంటాయని అతనికి ఎవరూ క్లాసు చెప్పలేదు.

మేస్త్రీ హెడ్డు స్క్రూలు విప్పి పిస్టను బయటికి లాగాడు. రింగు ఒక పక్క బ్లేడంత పల్చబడి ఉంది. సిలిండరు గోడల నిండా బూడిద రంగు పొడి. గుడ్డతో తుడిచి చిటికెన వేలి గోరు పైనుంచి కిందికి లాగాడు. గోరు ఎక్కడైనా పట్టుకుంటే గీత పడ్డట్టు, అప్పుడు రింగు మార్చినా దండగ, కొత్త కంప్రెసరే దిక్కు. పట్టుకోలేదు. డ్రయ్యరు విప్పి కాగితం మీద బోర్లిస్తే గింజలు రాలలేదు, తడిసిన సున్నంలా ఒక ముద్ద జారింది. కొత్త రింగు, కొత్త గింజలు, ఓ-రింగులు, ఫిల్టరు, రిలే వేశాం. పక్కనున్న కుర్రాడు రెండు చుక్కల ఆయిల్ వేద్దామని డబ్బా తెస్తే మేస్త్రీ కసిరాడు. నూనె పడితే గింజలు తేమ పట్టవు, రబ్బరు ఉబ్బుతుంది. పొడిగా నడవాల్సినదానికి నూనె రాసి పుణ్యం కట్టుకునేవాళ్లు ఆటోనగర్లో తక్కువేం లేరు. బెలో మాత్రం అతుకు వేసే వస్తువు కాదు, కొత్తదే తెప్పించాం.

ఈ గొడవంతా ఎందుకు, ఇనప స్ప్రింగులు వేయించేసుకోమని సలహా ఇచ్చినవాళ్లకు లెక్కలేదు. ఆ సలహా వయసు కూడా తక్కువేం కాదు. అమెరికాలో 1957లో క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్ ఎయిర్ సస్పెన్షన్‌తో వచ్చింది, మరుసటి ఏడు జనరల్ మోటార్స్ మిగతా బ్రాండ్ల కార్లకూ ఇచ్చింది. లీకులతో విసిగి చాలామంది యజమానులు గాలి తీసేసి స్ప్రింగులు బిగించుకున్నారు. కంపెనీ కూడా కొద్ది ఏళ్లకే ఆ పద్ధతి పక్కనపెట్టింది. కాబట్టి స్ప్రింగులు వేయించుకున్నవాణ్ణి నేను తప్పుపట్టను. తోట డొంకలో రోజూ తిరిగే బండికి అదే మేలు కావచ్చు. కాకపోతే డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలుగుతూ ఉంటుంది, దాన్ని ఆర్పడానికి ఇంకో మోసం చేయాలి. గాలికి తగ్గట్టు తయారైన షాక్ అబ్జార్బరు స్ప్రింగు మీద ఎలా నడుస్తుందన్నది అదృష్టం. ఆగిరిపల్లి రోడ్డు గుంతల మీద ఈ కారు గాలి మీద తేలిపోవడం చూశాక బావకి ఆ మాట ఎత్తాలనిపించలేదు.

బండి ఇప్పుడు లేచే నిలబడుతోంది. కంప్రెసర్ స్టార్ట్ చేసినప్పుడు కాసేపు మూలిగి ఆగిపోతుంది, అదే కావలసింది. బిల్లు కట్టేటప్పుడు మేస్త్రీ, "ముందు కుడిది కూడా దీంతో పుట్టిందే కదండీ, అదీ మార్చేయండి, లేకపోతే మళ్లీ దీని మీదకే వస్తది" అన్నాడు. మాట నిజమే. బావ పర్సు జేబులో పెట్టుకుంటూ, "బంగినపల్లి రేటు చూసి చెబుతా మేస్త్రీ" అన్నాడు.