మట్టిలో కూత, మ్యాట్ మీద ఆట

హైదరాబాదు గచ్చిబౌలి ఇండోర్ స్టేడియాన్ని 2002 జాతీయ క్రీడల కోసం కట్టారు. 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు, 2019 జూలై 20న ప్రొ కబడ్డీ ఏడో సీజన్ తొలి ఆట అక్కడే జరిగాయి. టీవీలో ఆ ఆట చూసి నాయుడుపేటలో మన యానాది పిల్లలు మురిసిపోతారు. వాళ్లూ స్వర్ణముఖి ఇసుకలో అదే కూత పెడతారు. కానీ పెద్ద పోటీలు మ్యాట్ మీద, బూట్లతో ఆడాలి. ఉత్తకాళ్లతో మట్టిలో నేర్చిన పిల్లవాడు అక్కడ తడబడితే అది చేతకానితనం కాదు, అలవాటు లేకపోవడం. అంత పెద్ద కట్టడం చూసేవాళ్లకు కుర్చీలు వేసింది. మన పిల్లలు ఆడటానికి దారి వేయలేదు. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు మ్యాట్ ఒకటి మన హాస్టల్లో పరిస్తే ఆ దారి ఇక్కడే మొదలవుతుంది. టీచర్లం, యువకులం కలిసి ముందు అదే అడుగుదాం.